కూల్చివేతకు ఇసే సాక్షి కాదు

ఇటీవల దేవాలయ పరిసరాల పునర్నిర్మాణాన్ని గురించి జరిగిన ఒక సదస్సుకు శ్రోతగా వెళ్ళాను. వక్తలలో ఒకరు సంస్కృతాంధ్రాలు రెండింటిలోను చక్కని ప్రవేశం గలవారు. ప్రసంగాంతంలో ఆయన ఒక దృష్టాంతం తెచ్చారు. జపాను దేశంలో ఇసే అనే క్షేత్రమున్నదనీ, ఆ దేశవాసులకు అంతకన్న పవిత్రమైన దేవస్థానం లేదనీ, అయినా దానిని ప్రతి 20 ఏండ్లకు ఒకసారి నిస్సంకోచంగా పడగొట్టి కొత్తది కట్టుకొంటారనీ చెప్పి, "వారికి లేని శోకం మనకెందుకు? దేవుడు రాతిస్తంభాలలో చిక్కుకొని ఉన్నాడా?" అని ప్రశ్నించారు. అంతటితో ఆగక, ఆలయాల ముందరి అంగళ్ళ వరుసలు భక్తికి పట్టిన చీడ అనీ, వాటిని తొలగించి విశాలమైన రహదారులు వేయడమే దైవసేవ అనీ మరొక మాట కలిపారు. సభలో కరతాళధ్వనులు మారుమ్రోగాయి.

నేను చప్పట్లు కొట్టలేదు. అంతకు కొన్ని నెలల ముందే నేను ఇసేలో ఒక పగలంతా గడిపి వచ్చి ఉన్నాను. ఆయన చెప్పినది నేను చూచినదానికి పూర్తిగా విపర్యాసం. సభలో ప్రశ్నలకు వ్యవధి లేదన్నారు గనుక నా సమాధానాన్ని ఇక్కడ విన్నవిస్తున్నాను.

ప్రతిపక్షి మాటను దాని బలం తగ్గించకుండా ముందుగా చెప్పుకోవడం మన శాస్త్రమర్యాద. కావున ఆయన వాదాన్ని ఆయనకన్న గట్టిగా చెప్పి చూస్తాను. కట్టడమన్నది కార్యద్రవ్యం. కార్యద్రవ్యం నశించితీరుతుంది. ఆగమాలే జీర్ణోద్ధారణవిధిని చెప్పినప్పుడు పాతదనానికి స్వతస్సిద్ధమైన పవిత్రత ఏదీ లేదని ఆగమాలే అంగీకరించినట్లు. దేహాన్ని ఆత్మగా తలచడం భ్రమ అయితే, మండపాన్ని దైవంగా తలచి విలపించడం కూడ ఆ భ్రమకు తోబుట్టువే. ఇక ఇసేవంటి శిష్టాచారం కూడ తోడైనప్పుడు సందేహమెక్కడిది?

ఈ వాదంలో మొదటి మూడు వాక్యాలతో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమంతా చివర చేర్చిన ఆ సాక్షి విషయంలోనే.

నాగోయాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు నన్ను అక్కడికి తీసుకొని వెళ్ళాడు. కింతెత్సు వారి వేగపు రైలులో గంటన్నరకు లోపే ప్రయాణం. ఇసే అంటే ఒక గుడి కాదు. బాహ్యాలయమైన గేకూ, అంతరాలయమైన నైకూ, వాటికి అనుబంధాలైన చిన్నా పెద్దా సన్నిధులు అన్నీ కలిపి 125. నైకూలో అర్చింపబడే దేవత అమతెరాసు ఓమికామి, సూర్యదేవత. గేకూలో తోయోఉకే, అన్నాధిదేవత. ముందు గేకూను సేవించి పిదప నైకూకు వెళ్ళడం అక్కడి ఆచారం.

గేకూలో ప్రతిదినం ఉదయసాయంకాలాలు రెండు పూటలా దేవతలకు నైవేద్యం జరుగుతుంది. 1500 ఏండ్లుగా ఇది తప్పలేదని వారి సంప్రదాయం చెబుతుంది. ఆ అన్నం దేవస్థానపు స్వంత పొలంలో పండిన బియ్యంతో, స్వంత ఉప్పుమడిలో తీసిన ఉప్పుతో తయారవుతుంది. పెట్టే పాత్రలు మెరుగు పూయని మట్టి మూకుళ్ళు. ఒకసారి వాడితే మళ్ళీ వాడరు. నిప్పును మాత్రం అగ్గిపుల్లతో వెలిగించరు. కొయ్యపై కొయ్యను త్రిప్పి మథించి పుట్టిస్తారు. ఈ సంగతి వినగానే నాకు మన యజ్ఞశాలలోని అరణి కన్నులకు కట్టింది. మీకూ కడుతుంది. అయితే ఇక్కడ ఒక్క హెచ్చరిక. ఇటువంటి సామ్యం కనబడగానే "చూశారా, అంతా మననుండి వెళ్ళినదే" అని వీరంగం వేసే వ్యాసాలు మనలో ఇప్పటికే కావలసినన్ని ఉన్నవి. సరస్వతి బౌద్ధం వెంట వెళ్ళి అక్కడ బెంజైతెన్ అయిన మాట నిజం. ఇసే అగ్నిమథనం మననుండి వెళ్ళిందనడానికి మాత్రం ఆధారం లేదు. కొయ్యనుండి నిప్పును రప్పించిన మనిషి దానిని పవిత్రమని తలచడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

గేకూ ప్రధానాలయం ప్రక్కనే ఒక విశాలమైన ఖాళీ స్థలం ఉన్నది. నేలంతా గులకరాళ్ళు, నడుమ చిన్న కొయ్యగూడు, మరేమీ లేదు. మా మేనల్లుడు దానిని చూచి "ఇక్కడ ఏదో పడిపోయినట్లుంది, మావయ్యా" అన్నాడు. పడిపోలేదు. 2013 వరకు దేవత నివసించిన చోటు అది. 2033లో మళ్ళీ నివసించబోయే చోటు కూడ అదే. ప్రతి ఆలయానికి ఇటువంటి జంటస్థలం ఉంటుంది. ఒకదానిలో దేవత ఉండగా రెండవది ఎదురుచూస్తుంది.

ఇక్కడే మన వక్తగారి సాక్ష్యం మొదటిసారి వీగిపోతుంది. "పడగొట్టి కొత్తది కడతారు" అన్నది అసత్యం. కొత్తది కట్టిన పిదపనే, దేవత అందులోకి తరలిన పిదపనే, పాతదాన్ని విప్పుతారు. షికినెన్ సెంగూ అనే ఈ ఉత్సవం నైకూలో తొలిసారి 690లో జితో సామ్రాజ్ఞి కాలంలో జరిగింది. 2013 అక్టోబరులో జరిగినది 62వది. దీపాలన్నీ ఆర్పిన రాత్రివేళ, తెల్లని పట్టుతెర మాటున దేవతాచిహ్నాన్ని అర్చకులు కొత్త ఆలయానికి తోడ్కొని పోతారు. పూరీలో 2015లో జరిగిన నవకళేబరంలో బ్రహ్మపదార్థాన్ని తరలించిన రాత్రిని తలచుకొంటే మనకు ఆ నిశ్శబ్దం కొంత బోధపడుతుంది.

పాత ఆలయాన్ని విప్పినప్పుడు వచ్చే కలప ఏమవుతుందో కూడ వినండి. దూలానికి ఊతమిచ్చిన పెద్ద స్తంభాలు నైకూ ఎదుట ఉజి వంతెనకు ఇరువైపులా తోరణద్వారాలుగా నిలుస్తాయి. ఇరవై ఏండ్ల తరువాత అవే స్తంభాలు కువానాలోను, సెకీలోను పూర్వం యాత్రికులు నడచిన బాటలపై తోరణాలవుతాయి. మిగిలిన కలప దేశంలోని ఇతర ఆలయాలకు, భూకంపాలలో దెబ్బతిన్నవాటికి కూడ, వెళుతుంది. దీనిని కూల్చివేత అనవచ్చునా? మన ఊళ్ళలో కూల్చిన మండపపు రాళ్ళు ఎక్కడికి పోయాయో చెప్పగలవారు ఎందరున్నారు?

నైకూ సంగతికి వస్తాను. వంద మీటర్లకు కొంచెం పైబడిన ఉజి వంతెన దాటితే అవతల అంతా వేరే లోకం. చెప్పులు విడువనక్కరలేదు అన్నది మనవారికి మొదటి విస్మయం. గులకరాళ్ళ బాటపై వందలమంది నడుస్తుంటే వినవచ్చే కరకర శబ్దమే అక్కడి మంగళవాద్యం. ఇసుజు నదీతీరాన మెట్లవంటి రాతికట్టుపై వంగి చేతులు కడుగుకొని, ఆకాశాన్నంటే వృక్షాల నడుమ నడచి, చివర కొన్ని రాతిమెట్లు ఎక్కితే ఒక ద్వారం, దానికి ఒక తెల్లని తెర. అంతే. ఆలయం ఆ వెనుక కంచెల నడుమ ఉన్నది. కంచె పైనుండి గడ్డికప్పు, దాని మీది దుంగల కొసలు మాత్రం కనబడతాయి. ఛాయాచిత్రాలు మెట్ల క్రిందనే ఆపివేయాలి. హుండీ పెట్టె లేదు, గంట లేదు, జోస్యపు చీటీలు లేవు. పరచిన తెల్లబట్టమీద కొందరు నాణేలు వేస్తారు. రెండుసార్లు వంగి, రెండుసార్లు చేతులు చరచి, మరొకసారి వంగి ప్రక్కకు తొలగిపోతారు.

"ఇంత దూరం వచ్చి తెర చూచి వెళ్ళాలా, మావయ్యా?" అని మావాడు నవ్వాడు. అప్పుడే గాలికి ఆ తెర ఒక జానెడు లేచింది. మా ముందున్న ముసలావిడ ఆ క్షణానికే మరొకసారి తల వంచింది. మావాడు మరి మాట్లాడలేదు.

ఇక్కడ నిజం దాచకూడదు. నవనిర్మాణానికి విరాళమిచ్చినవారికి తగిన వస్త్రధారణతో ఆ ద్వారం దాటి కొంత లోనికి వెళ్ళి మ్రొక్కే అవకాశం ఇస్తారు. రుసుము చెల్లించి ప్రత్యేకంగా నృత్యగీతాలతో ప్రార్థన చేయించుకొనే మండపం కూడ ఉన్నది. కావున జపానులో డబ్బుకు దేవుని ముందర విలువ లేదని చెప్పేవారు అర్ధసత్యం చెబుతున్నారు. ప్రాచీనకాలంలో అయితే సామ్రాట్టు తప్ప అన్యులు ఇక్కడ కానుకలు సమర్పించడమే నిషిద్ధం. ఆ నిషేధం ఎంత కఠినమో, రాజకోశం ఎండిపోయినప్పుడు దాని పర్యవసానమూ అంత కఠినమయ్యింది. అంతర్యుద్ధాల కాలంలో 120 ఏండ్లకు పైగా సెంగూ జరగలేదు. ఆలయాలు శిథిలమయ్యాయి. చివరకు దానిని పునరుద్ధరించడానికి ఊరూరా తిరిగి ధనం ప్రోగుచేసినవారు ఎవరనుకొన్నారు? కేయికోయిన్ మఠానికి చెందిన బౌద్ధసన్యాసినులు. 1563లో గేకూ, 1585లో రెండు ఆలయాలు, వారి పూనికతో మళ్ళీ లేచాయి. మతాలను గోడలు కట్టి వేరుచేయడమే సంప్రదాయమనుకొనే మనవారు ఈ ఒక్క ఉదంతాన్ని తీరికగా మననం చేయాలి.

రాజు చేయలేనిది జనం చేశారన్నమాట. ఆ జనం నడచి వచ్చిన దారే నేను చెప్పదలచిన రెండవ సంగతి. నా దృష్టిలో అదే ముఖ్యమైనది కూడ.

ఉజి వంతెన తిరిగి దాటగానే ఓహరాయి మాచి మొదలవుతుంది. ఇసుజు నది వెంబడి దాదాపు 800 మీటర్ల పొడవున సాగే అంగడివీధి. రాతిపలకల బాట, ఇరువైపులా కొయ్య ఇండ్లు, కాలపు వన్నెకు నల్లబడిన పలకల గోడలు. పైన ఒక్క విద్యుత్తీగ కనబడదు, అన్నీ భూమిలో ఉన్నవి. ఇండ్ల త్రికోణపు ముఖాలు వీధివైపు తిరిగి ఉంటాయి. దేవాలయపు వాకిలి దాని కప్పు వాలే వైపున ఉన్నది గనుక, దానితో సమానంగా తమ ఇండ్లు ఉండరాదని ఇలా తిప్పి కట్టుకొన్నారని అక్కడివారంటారు. వినయాన్ని వాస్తుగా మార్చుకొన్న వీధిని నేను మరెక్కడా చూడలేదు.

ప్రతి గుమ్మానికీ ఒక గడ్డిమోకు వ్రేలాడుతూ ఉంటుంది. తక్కిన జపానులో దానిని నూతన సంవత్సరపు రోజులలో కట్టి తీసివేస్తారు. ఇసేలో ఏడాది పొడుగునా ఉంచుతారు. దాని నడుమ ఒక కొయ్యపలక, ఆ పలకపై ఇది సోమిన్ షోరాయి వంశీయుల ఇల్లు అని వ్రాత. కథ మనకు కొత్తగా తోచదు. బాటసారిగా వచ్చిన ఒక దేవుణ్ణి ధనవంతుడు వాకిటనుండే పంపివేస్తాడు. సోమిన్ షోరాయి అనే పేదవాడు తన ఉన్నంతలో అన్నం పెడతాడు. దేవుడు అతని వంశానికి రోగభయం లేకుండ వరమిస్తాడు. అనగా ఈ వీధిలోని ప్రతి ఇల్లూ, మిఠాయి అంగడితో సహా, మేము అతిథిని తిప్పిపంపని వంశం వారమని గుమ్మంపై వ్రాసుకొన్నది. మామిడి తోరణం కట్టుకొనే మనకు దీని అర్థం వివరించి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చెప్పండి, వక్తగారూ, ఈ అంగళ్ళు భక్తికి పట్టిన చీడలా?

చరిత్ర చూచినా ఇదే తేలుతుంది. ఓహరాయి అంటే శుద్ధికర్మ. ఈ వీధిలో ఓషి అనే యాత్రాపురోహితులు నివసించేవారు. మన కాశీలో, గయలో ఉన్న పండాలవంటివారే. దేశమంతటా వారికి యజమానులు. ఏటా వారి ఇండ్లకు రక్షాపత్రాలు, పంచాంగాలు పంచి, యాత్రకు వస్తే తమ ఇంట బస, భోజనం, పూజ ఏర్పాటు చేసేవారు. పల్లెల్లో జనం చీటీలు వేసుకొన్నట్లే సంఘాలుగా ఏర్పడి డబ్బు పోగుచేసి, ఎవరి పేరు వస్తే వారిని అందరి తరఫున ఇసేకు పంపేవారు. 1705లో, 1771లో, 1830లో లక్షలాది జనం ఒక్కుమ్మడిగా వెల్లువెత్తి వచ్చారు. యజమానికి చెప్పకుండ వచ్చిన పనివాళ్ళు, తల్లిదండ్రులకు చెప్పకుండ వచ్చిన పిల్లలు అందులో ఎందరో. చేతిలో కాసు లేని వారికి దారిలో జనం అన్నం పెట్టారు. రాలేని యజమాని తరఫున మెడలో సొమ్ముమూట కట్టించుకొని వచ్చిన కుక్కలు కూడ ఉన్నవి. ఆ కుక్క బొమ్మలు ఈనాటికీ ఆ వీధిలో అమ్ముతారు. ఒకటి నేనూ కొన్నాను.

అంతా స్వర్గమని నేననడం లేదు. రెండు ఆలయాల నడుమనున్న ఫురుయిచి అప్పట్లో పేరుమోసిన వేశ్యావాటిక. ఈనాడు మనం మెచ్చుకొనే వంతెన అవతలి నిర్మలోద్యానం కూడ అనాదిసిద్ధం కాదు. 1880ల వరకు అక్కడ ఓషుల ఇండ్లూ అంగళ్ళూ ఉండేవి. 1886లో ఏర్పడిన ఒక సంఘం వాటిని కొని తొలగించి ఉద్యానం చేసింది. అంతకు ముందే, 1871లో, మేజీ ప్రభుత్వం ఓషుల వ్యవస్థను ఒక్క ఆజ్ఞతో రద్దు చేసింది. దేవాలయం రాజ్యతంత్రంలో భాగమయ్యింది. ఆ బంధం ఎటు దారితీసిందో 1945 వరకు గల చరిత్ర చెబుతుంది. కావున వక్తగారికి పనికివచ్చే ఉదాహరణ ఇసేలో అసలు లేకపోలేదు. రాజ్యశక్తి దేవుని పేరిట ఇండ్లు తొలగించిన ఘట్టం అక్కడా ఉన్నది. అయితే ఆయన ఆ ఘట్టాన్ని ఎత్తలేదు, సెంగూను ఎత్తారు. యుద్ధంలో ఓడిన దేశంలో 1949లో జరగవలసిన సెంగూ ఆగిపోయినప్పుడు, వంతెననైనా కొత్తగా కట్టుకొందామని దానిని ఒక్కదాన్ని కట్టి, నాలుగేండ్లు ఆగి, 1953లో జనం విరాళాలతో ఆలయాలు కట్టుకొన్నారు. ఆనాటినుండి వంతెన సెంగూకు నాలుగేండ్ల ముందుగానే కొత్తదవుతున్నది. దారిద్ర్యంలో చేసిన సర్దుబాటు ఆచారమై నిలిచింది.

ఓహరాయి మాచి కూడ ఒక దశలో చచ్చిపోయే స్థితికి వచ్చింది. కార్లు, బస్సులు వచ్చాయి. యాత్రికులు వంతెన దగ్గరే దిగి, మ్రొక్కి, అక్కడే ఎక్కి వెళ్ళిపోసాగారు. నైకూకు లక్షోపలక్షలు వస్తున్నా ఈ వీధిలో అడుగుపెట్టేవారు 1970ల చివరకు ఏడాదికి సుమారు 2 లక్షలకు పడిపోయారు. అప్పుడు ఏమి చేశారు? వీధిని వెడల్పు చేయలేదు. 1979లో వీధివాసులే ఒక సమితిగా కూర్చొన్నారు. 1989లో పురపాలకసంఘం వీధి రూపాన్ని కాపాడే నిబంధన చేసింది. తీగలు భూమిలోకి పోయాయి, రాళ్ళు పరచారు. 1707 నుండి ఆ వీధిలో మిఠాయి అమ్ముతున్న అకఫుకు అనే అంగడివారు 1993లో, ఆ ఏటి సెంగూ వేళకు, తమ ఎదుట ఓకగె యోకొచో అనే చిన్న వాడను పాతకాలపు పద్ధతిలో కట్టించారు. ఓకగె అంటే అనుగ్రహం, ఎవరి దయవల్ల బ్రతుకుతున్నామో వారి పట్ల కృతజ్ఞత. దేవుని దయవల్ల ఇన్నేండ్లు అమ్ముకొని బ్రతికామన్న భావంతో పెట్టిన పేరు. వ్యాపారబుద్ధి అందులో లేదని ఎవరనగలరు? ఉన్నది, పుష్కలంగా ఉన్నది. సెలవురోజున అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. కాని దాని మూలంగా వీధి బ్రతికింది, వీధివారు అక్కడే ఉన్నారు.

అకఫుకు పెద్దంగడిలో, నదివైపు అరుగుమీద కూర్చొని వారి మిఠాయి తిన్నాము. జిగురుబియ్యపు ముద్దపై ఎఱ్ఱచిక్కుడుగింజల తీపిముద్ద, దానిపై వ్రేళ్ళతో నొక్కిన మూడు గీతలు. ఆ గీతలు ఇసుజు నదీప్రవాహమట, క్రింది తెల్లని ముద్ద నదిలోని గులకరాయి అట. ఆ వీధిలో శాకాహారికి నిశ్చింతగా తినదగినది దాదాపు ఇదొక్కటే. ఇసే ఉదోన్ అనే లావుపాటి సేవికల పులుసులో సైతం చేపల సారముంటుందని మావాడు ముందే హెచ్చరించాడు. టీ పోసిన పెద్దావిడ నా నుదుటి బొట్టును చూచి ఏదో అడిగింది. "మీరు కూడ మ్రొక్కి వచ్చారా అని అడుగుతోంది, మావయ్యా" అన్నాడు మావాడు. ఔనన్నాను. ఆవిడ వంగి నమస్కరించింది.

అక్కడే మావాడు ఒక మంచి ఆక్షేపణ చేశాడు. "ఈ వాడంతా 1993లో కట్టినదే కదా! సినిమా సెట్టుకూ దీనికీ భేదమేమిటి?"

మరి మనం ప్రొద్దున మ్రొక్కినది? అది 2013లో కట్టినది. ఈ వీధికన్న ఇరవై ఏండ్లు చిన్నది. కట్టడం వయస్సే ప్రమాణమైతే ముందుగా ఆ దేవాలయాన్నే కృత్రిమం అనవలసి వస్తుంది. అక్కడ ఎవ్వరూ అనడం లేదు. ఎందుకనడం లేదో విచారిస్తేనే సిద్ధాంతం తేలుతుంది.

మన శాస్త్రకారులు నిత్యత్వాన్ని రెండు విధాలుగా వింగడించారు. ఏ మార్పూ లేక నిలిచినది కూటస్థనిత్యం. మారుతూనే తెగిపోకుండ సాగేది ప్రవాహనిత్యం. గోదావరిలో నిన్నటి నీరు నేడు లేదు. అయినా గోదావరి ఉన్నది. మన పూర్వులు రాతిని ఎన్నుకొన్నారు, కాలాన్ని ఎదిరించి నిలిచే కట్టడంతో కూటస్థానికి ఒక ప్రతీకను కల్పించారు. ఇసేవారు కొయ్యను, గడ్డికప్పును ఎన్నుకొన్నారు, పునాదిరాయి కూడ లేకుండ స్తంభాలను నేలలో పాతారు. అవి కుళ్ళుతాయని తెలిసే పాతారు. ప్రవాహాన్ని నమ్ముకొన్నారు. రెండు మార్గాలూ సాధువులే. కాని ప్రవాహనిత్యత్వానికి ప్రాణం అవిచ్ఛిన్నత. ఎగువన నీరు రాకుండ దిగువన నీటిని తోడివేసి "నది మారుతూనే ఉంటుంది గదా" అంటే అది తత్త్వం కాదు, పరిహాసం.

ఇసే ఎగువ ఎక్కడున్నదో చూడండి. ఒక్కొక్క సెంగూకు సుమారు 10,000 హినోకి వృక్షాలు కావాలి. అందుకై 1923లో 200 ఏండ్ల ప్రణాళిక వేసి దేవస్థానపు అడవిలో మొక్కలు నాటారు. నాటినవాడు కోత చూడడు, అతని మనుమడూ చూడడు. 2013 నాటికి ఆ అడవినుండి కొంత కలప తీయగలిగారు, దాదాపు 700 ఏండ్ల తరువాత స్వంత అడవి కలప మళ్ళీ వాడడం అదే తొలిసారి. దేవతకు సమర్పించే వస్త్రాలు, ఆయుధాలు, పరికరాలు 714 రకాలు, మొత్తం 1576 వస్తువులు, అన్నీ మళ్ళీ చేతితో చేస్తారు. నేతగాడు, కత్తి చేసే కమ్మరి, లక్కపని చేసేవాడు, అందరూ సజీవులై ఉండాలి. ఇరవై ఏండ్ల గడువు ఎందుకన్నదానికి ప్రాచీన గ్రంథాలలో కారణం లేదు. పండితులు చెప్పే కారణాలలో నాకు నచ్చినది ఇది: యువకుడిగా ఒక సెంగూలో ఉలి పట్టినవాడు తరువాతి సెంగూలో మేస్త్రీ అవుతాడు, ఆపై సెంగూలో పెద్దగా కూర్చొని చూపిస్తాడు. అక్కడ పునర్నిర్మించబడేది కట్టడం కన్న ముందు కట్టేవాడు.

ఇప్పుడు మన వైపు రండి. తిరుమలలో శ్రీవారి ఆలయం ముందరి వేయికాళ్ళ మండపం 15వ శతాబ్దపు నిర్మాణం. 2003లో దానిని తొలగించారు. జనసమ్మర్దం కారణంగా చెప్పారు. ఆ సమ్మర్దం కల్పన కాదని అక్కడ నిలబడిన ప్రతివారికీ తెలుసు. కాని దానికి సెంగూను ఉపమానంగా తెచ్చేవారు కొన్ని ప్రశ్నలకు బదులు చెప్పాలి. తొలగించడానికి ముందు దానికి జంటగా మరొకటి లేచి నిలిచినదా? అవే కొలతలతో వేయి స్తంభాలను మళ్ళీ చెక్కడానికి స్థపతులు సిద్ధమై ఉన్నారా? ఉపమానానికి సాధారణధర్మం ఉండాలని అలంకారశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది.

మనకు నిజంగా సెంగూతో పోల్చదగినవి లేకపోలేదు. అదే తిరుమలలో 12 ఏండ్లకొకసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం జరుగుతుంది. 2018 ఆగస్టులో జరిగినది మనమంతా ఎరుగుదుము. మూలమూర్తి శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో ఉంచి, గర్భాలయంలో మరమ్మతులు ముగించి, మళ్ళీ ప్రతిష్ఠించడం. ఆగమం జీర్ణోద్ధారణకు అనుమతించినది ఈ క్రమంతోనే. ముందు దేవునికి చోటు, తరువాత ఉలి. వక్తగారు ఆగమాన్ని ఉదాహరించి ఆగమక్రమాన్ని వదలివేశారు. శ్రీకాళహస్తిలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కుప్పకూలింది. దాని స్థానంలో కొత్త గోపురం లేచింది. దానిని నేను కృత్రిమమనను, మ్రొక్కుతాను కూడ. నా కోపం కొత్తదనం మీద కాదు.

ఇక అంగళ్ళు. మన క్షేత్రాలలో సన్నిధివీధుల అంగళ్ళు అనేక చోట్ల రోతగా, ఇరుకుగా, మోసంగా ఉన్నమాట కాదనను. కుంకుమ పేరిట రంగుపొడి అమ్మేవాడిని నేనూ చూచాను. కాని పూలమ్మే అమ్మను, గాజులమ్మే తాతను, ఇత్తడి దీపపుకుందెల దుకాణాన్ని కొండ క్రిందనున్న సిమెంటు సముదాయంలోకి తరిమి, వారి చోట ఖాళీ మైదానం పరచి దానికి పవిత్రత అని పేరు పెడితే, యాత్రికుడు దేవునికీ బస్సుకూ నడుమ ఎక్కడా మనిషిని కలవడు. ఓహరాయి మాచి 1970లలో చచ్చిపోబోయినది సరిగా ఈ జబ్బుతోనే. వారికి జబ్బుగా తోచినది మనకు చికిత్సగా తోచడమే వింత. ఇసేలో అంగడికీ ఆలయానికీ నడుమ ఒక వంతెన ఉన్నది, వంతెన అవతల దేవస్థానం ఇచ్చే రక్షాపత్రాలు తప్ప ఎవ్వరూ ఏమీ అమ్మరు. ఇవతల అందరూ అమ్ముతారు. అంగళ్ళను తొలగించమని కాక, అంగడి ఎక్కడ ఆగాలో చెప్పమని వక్తగారు అడిగి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేవాడిని.

2033 సెంగూకు సంబంధించిన తొలి కర్మ 2025 మే నెలలోనే జరిగిపోయింది. కొండపాదాన అడవిదేవతను అనుమతి అడగడంతో అది మొదలవుతుంది. ఆ తరువాత ఎనిమిదేండ్ల పని. ఈలోగా మన సదస్సులు ఎన్నో జరుగుతాయి. ఆ వక్తగారు మళ్ళీ ఎదురైతే ఆయనకు ఇవ్వాలని ఇసేలో కొన్న మట్టికుక్కబొమ్మను బల్లమీద అట్టే ఉంచాను. యజమాని రాలేకపోతే అతని మ్రొక్కును మెడలో కట్టుకొని వందలమైళ్ళు నడచిన ఆ జంతువుకు దారిలోని ప్రతి అంగడివాడూ తిండి పెట్టి, నీళ్ళు పెట్టి, మూటలో కాసు ముట్టుకోకుండ తరువాతి ఊరికి సాగనంపాడట. వీధే లేకపోతే ఆ కుక్క ఎలా చేరేదో ఆయన చెప్పాలి.